మొద్దు లెక్క చెట్టు కొట్టకముందే చూసుకోవాలి

ఇంటి వెనక వేపచెట్టు ప్రహరీ గోడను నెడుతోందని కొట్టించాలనుకుంటారు. బేరం కుదురుతుంది. మిషన్ రంపంతో ముగ్గురు మనుషులు వచ్చి, తాళ్లు కట్టి, కొమ్మలు ఒక్కొక్కటే దించి, సాయంత్రానికల్లా మానును కూడా ముక్కలు చేసి ట్రాలీలో వేసుకుని పోతారు. కలప వాళ్లే తీసుకుంటారు కాబట్టి కూలి కాస్త తగ్గిస్తారు కూడా. పెరట్లోకి ఒక్కసారిగా వెలుతురు వస్తుంది. నేల మీద జానెడు ఎత్తున, ఆటో చక్రమంత మొద్దు మాత్రం అలాగే ఉంటుంది. ‘మరి దీని సంగతేంటి?’ అనడిగితే ‘అది వేరే పని సార్, బేరంలో లేదు’ అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చెట్టు కొట్టడం ఒక పని, మొద్దు తీయడం ఇంకో పని. పనిముట్లు వేరు, పట్టే టైము వేరు, చాలాసార్లు రెండోదానికే ఖర్చెక్కువ. కలప కొనేవాడు దొరుకుతాడు గానీ మట్టి, రాళ్లు పట్టిన మొద్దును ఎవరూ అడగరు.

పెరటి మొద్దుల విషయంలో తలనొప్పంతా ఈ వరుస వల్లే వస్తుంది. ముందు చెట్టు కొట్టించి, ఆ తర్వాత మొద్దు గురించి ఆలోచిస్తారు. నిజానికి మొద్దును పెకలించాలా, అక్కడే కుళ్లనివ్వాలా అన్నది తేలాకే రంపం ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పగలం. పెకలించేదైతే మానును నాలుగైదు అడుగులు వదలాలి. కుళ్లబెట్టేదైతే వీలైనంత కిందికి కోయాలి. జానెడు ఎత్తు మొద్దు ఈ రెండింటికీ అక్కరకు రాదు. అయినా మన పెరళ్లలో కనిపించేవన్నీ జానెడు మొద్దులే. రంపం గొలుసుకు మట్టి, రాయి తగిలితే పళ్లు నిమిషాల్లో మొండిబారతాయి, అందుకని కోసేవాడు ఆ మాత్రం ఎత్తు వదులుతాడు. ఇంటివాళ్లు ఏమీ చెప్పకపోతే ఎత్తును రంపమే నిర్ణయిస్తుంది.

నాలుగైదు అడుగులు ఎందుకంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటి దృశ్యాలు గుర్తు చేసుకుంటే చాలు. కొన్ని చెట్లు మధ్యకు విరిగాయి. ఇంకొన్ని వేళ్లతో సహా పెళ్లగిలి, పేవ్‌మెంటు పలకలను, గోడల పునాదులను కూడా పైకి లేపేశాయి. గాలి వేళ్లను ముట్టుకోలేదు. కొమ్మలను, ఆకులను పట్టుకుని నెట్టింది, పొడవాటి మాను ఆ తోపును వేళ్ల దాకా మోసుకొచ్చింది. గడ్డపార కొసన పట్టుకుంటే పెద్ద బండ కదులుతుంది, మొదట్లో పట్టుకుంటే ఎంత బలవంతుడికైనా కదలదు. మొద్దు పెకలించడంలోనూ ఇదే సూత్రం. మానును నేలకు దగ్గరగా కోసేశామంటే చేతిలో ఉన్న గడ్డపారను మనమే విరిచి పారేసినట్టు.

ఇక అసలు ప్రశ్న: ఆ మొద్దు బతికుందా, చచ్చిందా? ఇది చెట్టు జాతిని బట్టి ఉంటుంది. వేప, కానుగ, సుబాబుల్, జామాయిల్, మునగ, సర్కారు తుమ్మ లాంటివి కొట్టినంత మాత్రాన చావవు. బెరడు కింద మొగ్గలు నిద్రలో ఉంటాయి. పైనున్న చిగుళ్ల నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను వాటిని అణచిపెడుతుంది. మాను పోగానే ఆ అదుపు పోతుంది. వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఎలాగూ ఉంది. తొలకరి పడిన రెండు వారాలకు మొద్దు అంచు చుట్టూ ఎర్రటి లేత చిగుళ్లు పూలదండలా లేస్తాయి. గిల్లేస్తే ఒకటికి నాలుగు వస్తాయి.

పెరట్లో విసుగు తెప్పించే ఈ గుణమే పొలంలో ఆదాయం. ప్రకాశం, కృష్ణా, ఖమ్మం ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులు ఒకసారి నాటి, కొట్టిన ప్రతిసారీ మొద్దు నుంచి లేచే పిలకలతోనే మళ్లీ పంట తీస్తారు. మొద్దుకు రెండు మూడు మంచి పిలకలు ఉంచి మిగతావి నరికేస్తారు. టేకు సంగతి ఇంకా తమాషా. నర్సరీలో ఏడాది మొక్కను పీకి, జానెడు వేరు, అంగుళం కాండం మాత్రమే మిగిల్చి కోసి, ఆ పుల్లనే ‘టేకు స్టంపు’ పేరుతో అమ్ముతారు. దాన్ని నాటితే చెట్టవుతుంది. అలాంటి జాతి మొద్దును నేలమట్టానికి కోసేసి పీడ విరగడైందనుకుంటే ఎలా? జామాయిల్ తోట తీసేసి మళ్లీ మిరపో పత్తో వేద్దామనుకున్న రైతును అడిగితే తెలుస్తుంది, మొద్దులు తీయించడానికి జేసీబీకి ఎంత పోసిందీ.

కొబ్బరి, తాడి దీనికి పూర్తిగా వేరు. వాటికి ప్రాణమంతా మొవ్వులోనే. తల నరికితే చెట్టు చచ్చినట్టే, మొద్దు నుంచి పిలక రాదు. తల్లివేరు కూడా ఉండదు. మొదలు నుంచి వేలెడు లావు వేళ్లు వేల సంఖ్యలో అన్నివైపులా పోతాయి. కాబట్టి కొబ్బరి మొద్దును ‘చంపడానికి’ మందు కొనేవాడు డబ్బు నేలలో పోసినట్టే. అలాగని దాన్ని వదిలేయమనీ కాదు, ఎందుకో కొంచెం ముందుకెళ్లాక.

చేత్తో తీసే పని చూడటానికి మొరటుగా ఉంటుంది గానీ, గోడకు ఆనుకుని ఉన్న మొద్దుకు అంతకు మించిన పద్ధతి లేదు. అనుభవం ఉన్న ఇద్దరు కూలీలు ఏం చేస్తారో దగ్గర నుంచి గమనిస్తే వాళ్ల పనిలో ఎంత లెక్క ఉందో తెలుస్తుంది. ముందు మొద్దు నుంచి రెండడుగుల దూరంలో చుట్టూ కాలువ తీస్తారు, మొద్దును ఆనుకుని తవ్వరు. మొదట్లో వేళ్లు తొడంత లావు, రెండడుగులు జరిగితే చెయ్యంత లావు. కోయాల్సింది అక్కడ. వేరు కనిపించగానే గొడ్డలి ఎత్తరు. కింద మట్టి తోడి, చెంబుతో నీళ్లు కొట్టి కడిగి, రెండు చోట్ల నరికి మధ్య ముక్కను తీసేస్తారు. మట్టి పట్టిన వేరు మీద గొడ్డలి వేస్తే అంచు పోతుంది, పైగా ఒక్కచోటే నరికితే తెగిన కొసలు ఒకదాన్నొకటి పట్టుకుని పార ఆడనివ్వవు. నాలుగైదు పెద్ద వేళ్లు తెగాక నిలిపి ఉంచిన మానుకు తాడు కట్టి ఇటూ అటూ ఊపుతారు. లాగి పడేయాలని కాదు. ఊపినప్పుడు మాను ఏ వైపు వెళ్లకుండా ఆగిపోతోందో చూస్తారు. తెగని వేరు దానికి ఎదురు వైపు ఉంటుంది. అక్కడ తవ్వి అది నరికి, మళ్లీ ఊపుతారు. చివర్లో మొద్దు కింద నుంచి చిటచిటమని శబ్దం వస్తుంది, మాను మెల్లగా ఒరుగుతుంది. సినిమాల్లో చూపించినట్టు పెద్ద చప్పుడేమీ ఉండదు.

ఈ పనికి మట్టి లెక్క కూడా చూసుకోవాలి. అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుండ్రటి గుంత అంటే దాదాపు 60 ఘనపుటడుగులు. తూకంలో రెండున్నర టన్నులకు పైమాటే. ఇద్దరు మనుషులకు అది రోజు పని, గట్టి నేలైతే రెండు రోజులు. ఎర్రనేలలో ముందు రోజు సాయంత్రం నీళ్లు పెడితే పొద్దుటికి పార మెత్తగా దిగుతుంది. నల్లరేగడిలో అదే చేస్తే మట్టి పారకు బంకలా పట్టుకుని పని రెట్టింపవుతుంది. ఆ నేలల్లో వానలు వెనకబట్టాక, నేల పదును మీద ఉన్నప్పుడు తవ్వడం తేలిక. మే నెలలో రేగడి రాయిలా బిగుసుకుని ఉంటుంది, అప్పుడు గడ్డపారకు కూడా జాలి వేస్తుంది.

జేసీబీ ఉంటే ఇదంతా గంట పని. దాని పళ్ల బకెట్ వేళ్ల కిందికి దూరి లేపితే పెద్ద మొద్దులు కూడా దుంపల్లా ఊడొస్తాయి. కాకపోతే బండి వెడల్పు సుమారు ఏడున్నర అడుగులు, బరువు ఏడు టన్నుల పైన. పాత ఇళ్ల పక్క సందుల్లో పట్టదు. పట్టినా సెప్టిక్ ట్యాంకు మూత మీదుగా, సంపు మీదుగా పోనిస్తే మొద్దు కంటే పెద్ద రిపేరు నెత్తిన పడుతుంది. గోడ పక్క మొద్దును యంత్రంతో ఒక్క ఊపున లాగితే పునాది కిందికి దూరిన వేరు గోడను కూడా వెంట తెచ్చుకుంటుంది. అందుకని మంచి ఆపరేటర్ ముందు గోడ వైపు వేళ్లను మనుషుల చేత నరికించి, ఆ తర్వాతే బకెట్ పెట్టి గోడకు దూరంగా లాగుతాడు. బండి కనీసం ఇన్ని గంటలకు అని వస్తుంది కాబట్టి వీధిలో ఇంకో ఇద్దరికి కూడా పనుంటే కలిసి పిలిపించుకోవడం లాభం. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి లాగడం మాత్రం వద్దే వద్దు. మొద్దు కదలకపోతే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, గొలుసు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది.

తవ్వే ముందు నేలలో ఏముందో తెలియాలి. అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు 811 నంబరుకు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగులతో గుర్తులు పెట్టి పోతారు, దానికి డబ్బు తీసుకోరు. మొద్దును పొట్టు చేసి పారేసే స్టంప్ గ్రైండర్ అక్కడ అద్దెకు దొరుకుతుంది. ఉక్కు చక్రానికి కార్బైడ్ పళ్లున్న ఆ యంత్రం నేల కింద అర అడుగు నుంచి అడుగు దాకా చెక్కేస్తుంది, వేళ్లు లోపలే ఉండిపోతాయి. మన ఊళ్లలో అది అరుదు. లైన్ల గుర్తుల సంగతి సరేసరి, ఇల్లు కట్టిన మేస్త్రీకి గుర్తున్నదే మ్యాపు. ఆయన దొరక్కపోతే నల్లా మీటరు నుంచి ఇంటికి, బోరు నుంచి ట్యాంకుకు పైపు ఏ దారిన పోయి ఉంటుందో ఊహించి ఆ వైపు గడ్డపార కాకుండా పారతో పైపైన తీసుకుంటూ పోవాలి.

ఇక తవ్వడం ఇష్టం లేనివాళ్లు వెతికే దారి మందులు. ఇంగువ పెడితే చెట్టు చస్తుందని, పాదరసం పోస్తే వేళ్లదాకా మాడుతుందని, కళ్లుప్పు వేస్తే పదిహేను రోజుల్లో పొడి అవుతుందని మన దగ్గర చెప్పుకునేవి బోలెడు. వీటిలో ఇంగువ వల్ల నష్టమేమీ లేదు, వంటింట్లో ఇంగువ అయిపోవడం తప్ప. పాదరసం నేలలో, బావినీళ్లలో ఉండిపోయే విషం, ఆ ఊసే ఎత్తకూడదు. ఉప్పు కొంత పనిచేస్తుంది, ఎక్కువ పోస్తే చిగురును మాడుస్తుంది. కానీ అది మొద్దుతో ఆగదు. వాన నీటితో చుట్టూ పాకి పక్కన మల్లెపందిరినీ, కరివేపాకునూ పట్టుకుంటుంది. పైగా ఉప్పదనం ఎక్కువైతే చెక్కను తినే బూజు కూడా బతకదు. అంటే మొద్దు చస్తుంది, కుళ్లదు. ఊరగాయ జాడీలో ముక్కలా ఉంటుంది.

కుళ్లడం అంటే ఏమిటో తెలిస్తే ఏ మందు పనిచేస్తుందో తేలిపోతుంది. చెక్కను తినేది శిలీంధ్రం. పుట్టగొడుగులు దాని పూత లాంటివి. దానికి తేమ కావాలి, గాలి కావాలి, నత్రజని కావాలి. చెక్కలో కర్బనం దండిగా ఉంటుంది గానీ నత్రజని నామమాత్రం. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, ఆ లోటు తీరుస్తుంది. విదేశాల్లో మొద్దు కరిగించే మందు పేరుతో డబ్బాల్లో అమ్మేది చాలావరకు ఇదే. మన దగ్గర యూరియా, పచ్చిపేడ కూడా ఆ పని చేస్తాయి. మొద్దు మీద అంగుళం వెడల్పు, ముప్పావు అడుగు లోతు రంధ్రాలు దగ్గరదగ్గరగా వేసి, వాటిలో పోసి, నీళ్లు తడిపి, పైన పేడమట్టి, తడి గోనెసంచి కప్పి, ఎండిపోకుండా చూడాలి. ఇలా చేస్తే కుళ్లు త్వరపడుతుంది, అంతేగానీ రాత్రికి రాత్రి మాయం కాదు. మునగ, బొప్పాయి లాంటి మెత్తటివి నెలల్లో పోతాయి. చింత, వేప, టేకు చేవ మాత్రం వానాకాలాలు లెక్కపెట్టుకోవాల్సిందే. ‘పది రోజుల్లో మొద్దు మటాష్’ అని వీడియోలో చూపించేవాళ్లు ఆ పదకొండో రోజు మొద్దును ఎప్పుడూ చూపించరు.

చిగురు రాకుండా చంపడానికి కలుపుమందు వాడాలనుకునేవాళ్లు ఒక విషయం గమనించాలి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సొంతంగా డబ్బా తెచ్చి పోసే వ్యవహారం కాదన్నమాట. వాడేవాళ్లు వాడినా మొద్దంతా తడపక్కర్లేదు. మధ్యలో ఉన్న చేవ చచ్చిన కణాలే, అక్కడ పోసింది దండగ. బెరడుకు లోపలి అంచున ఉండే సన్నటి వలయమే ప్రాణమున్న భాగం. అక్కడ, కోసిన కొద్ది నిమిషాల్లోనే పూయాలి. ఆలస్యమైతే కోత ఆరిపోయి మందు లోపలికి దిగదు. నెల క్రితం కొట్టిన మొద్దుకు పైన మందు పోసి ‘పనిచేయలేదు’ అని తిట్టుకునేది ఇందుకే.

మందు లేకుండానూ మొద్దును చంపొచ్చు, కాకపోతే మళ్లీ ముందుచూపు కావాలి. చెట్టు కొట్టడానికి కొన్ని నెలల ముందు మాను చుట్టూ బెత్తెడు వెడల్పున బెరడు వలిచేస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరదు. వేళ్లు నిల్వ ఖర్చుపెట్టుకుని నీరసిస్తాయి. ఆ తర్వాత కొడితే పిలకల బెడద చాలా తగ్గుతుంది. ఇళ్ల మధ్య ఎండిన చెట్టును ఎక్కువ కాలం నిలబెట్టడం మాత్రం ప్రమాదం, గాలివానల కాలం రాకముందే దించేయాలి. ఇప్పటికే కొట్టేసి ఉంటే వారానికోసారి చిగుళ్లు తుంచుతూ, మొద్దు మీద నల్ల టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో మూసేయాలి. వెలుతురు లేని చిగురు వేళ్లకు తిరిగి ఏమీ ఇవ్వలేదు. ఓపిక ఉన్నవాళ్లకు ఇది చవకైన మార్గం.

నిప్పు పెట్టడం పల్లెల్లో పాత పద్ధతి. ఎండిన మొద్దు చుట్టూ ఊక పోసి రాజేస్తే మంట లేకుండా రోజుల తరబడి కుంపటిలా కాలుతుంది. ఊరవతల చేలో సరే. ఇళ్ల మధ్య పొగ ఒక సమస్యైతే, నేల లోపల ఎండు వేరు వెంబడి నిప్పు పాకడం అంతకంటే పెద్ద సమస్య. పైన చల్లారిందనుకున్న చోటికి నాలుగడుగుల అవతల పొగ లేస్తుంది. ప్లాస్టిక్ నీళ్ల పైపు ఆ దారిలో ఉంటే అంతే సంగతులు.

ఇంత అవస్థ పడి తీయాల్సిందేనా? అన్నిసార్లూ అక్కర్లేదు. పెరటి మూల, ఇంటికి దూరంగా ఉన్న మొద్దు మీద కుండీ పెట్టుకోవచ్చు, కాకర తీగ పాకించుకోవచ్చు. లావుపాటి చింత మొద్దయితే మాంసం కొట్టేవాళ్లు అడిగి తీసుకెళ్తారు, ఆ చెక్క కత్తి దెబ్బకు పొట్టు లేవదు. కానీ రెండు చోట్ల మాత్రం వదలకూడదు. ఒకటి, ఇంటి పునాదికి దగ్గర. చచ్చిన మొద్దు చెదలకు అన్నసత్రం. అక్కడ పెరిగిన దండు మట్టి గూళ్లు కట్టుకుంటూ తలుపుల దాకా వస్తుంది. కట్టడాలకు చెదల మందు కొట్టే విషయమై ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 కూడా ముందు స్థలంలోని మొద్దులు, వేళ్లు, చెక్కముక్కలు తీసేయమనే చెబుతుంది. గది పొడిగించేవాళ్లు మొద్దు మీదే కాంక్రీట్ పోయించేసి ‘లోపలే ఉంటుందిలే’ అనుకుంటే, అది కుళ్లి ఖాళీ అయ్యాక గచ్చు కుంగుతుంది.

రెండోది కొబ్బరి. కుళ్లుతున్న కొబ్బరి మొద్దు కొమ్ము పురుగుకు పుట్టిల్లు. అందులో పెరిగిన పురుగు రెక్కలొచ్చాక పక్క చెట్టు మొవ్వు తొలుస్తుంది, విప్పారిన ఆకు కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. గానోడెర్మా తెగులుతో చచ్చిన చెట్టయితే మరీ జాగ్రత్త. ఆ శిలీంధ్రం మొదట్లో, వేళ్లలో బతికే ఉండి మట్టి ద్వారా పక్క చెట్లకు పాకుతుంది. కోనసీమ రైతులకు ఈ బాధ కొత్తేమీ కాదు. మొద్దును వేళ్లతో సహా తవ్వి కాల్చేయడమే అక్కడి పద్ధతి. పెరట్లో రెండే కొబ్బరి చెట్లుండి ఒకటి పోయినవాళ్లు రెండోదాని కోసమైనా ఆ ఖర్చు పెట్టాలి.

ఇవన్నీ తేల్చుకున్నాక, రంపం వాళ్లను పిలిచే ముందు, అనుమతి సంగతి. 2002 వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం మన సొంత స్థలంలో చెట్టు కొట్టడానికి కూడా సాధారణంగా అనుమతి కావాలి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఈ చట్టం కొనసాగుతోంది. దరఖాస్తుతో పాటు చెట్టు ఫొటో, గోడకు పడిన బీట ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. కొట్టేశాక అక్కడ ఏ చెట్టుండేదో, ఎందుకు కొట్టారో మొద్దు చెప్పలేదు.

మొద్దు వచ్చేశాక గుంతను ఎలా పూడ్చారన్నది కూడా చూడాలి. కూలీలు తవ్వి తీసిన మట్టినే ఒక్కసారిగా తోసేసి, పైన నాలుగు సార్లు తొక్కి వెళ్లిపోతారు. మొదటి పెద్ద వానకు అది తొట్టిలా కుంగుతుంది. అర అడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టుకుంటూ రావాలి. పైన గచ్చు చేయించేదుంటే మొరం వాడాలి. నల్లరేగడిలో పెద్ద చెట్టు ఇన్నేళ్లుగా తాగిన నీరంతా ఇక నేలలోనే ఉంటుంది కాబట్టి మట్టి ఉబ్బి పక్క గోడను కదిలించవచ్చు. అలాంటి చోట కొత్త గచ్చు ఒక వానాకాలం ఆగి వేయించడం నయం. మొక్క నాటాలనుకునేవాళ్లు పాత గుంతకు మూడు నాలుగడుగులు పక్కకు జరగాలి. ఆ మట్టిలో మిగిలిన రంపపు పొట్టు, వేళ్ల ముక్కలు కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క ఎంత నీళ్లు పోసినా పసుపుపచ్చగానే ఉంటుంది.